ఆరోగ్య బీమా: లాభం యెక్కడ దాగివున్నది?

ఆరోగ్య బీమా కంపెనీలు మితిమీరిన లాభాలు గడిస్తున్నాయా? యీ ప్రశ్న మన విద్యార్థి మిత్రుల గోష్ఠులలోనూ, ఉపాధ్యాయుల విశ్రాంతి గదులలోనూ తరచు వినవస్తున్నది. వినవచ్చినప్పుడల్లా రెండు జవాబులు సిద్ధంగా వుంటాయి. "కంపెనీ అంటేనే దోపిడి, దానికి వేరే లెక్కలెందుకు?" అన్నది ఒకటి. "కంపెనీల జమాఖర్చులు చూడండి, కొన్ని నష్టాలలోనే వున్నాయి, లాభం పొందినవాటికి కూడా దక్కినది నూటికి అయిదారు రూపాయలే" అన్నది రెండవది. మొదటి జవాబులో ఆవేశం వున్నది, లెక్క లేదు. రెండవ జవాబులో లెక్క వున్నది, కాని ఆ లెక్క జమాఖర్చు పుస్తకంలో చివరి గీతవద్దనే ఆగిపోతున్నది.

నా అభిప్రాయంలో యీ ప్రశ్నకు జవాబు చరిత్రలో వెదకవలసి వున్నది. అందుకు దూరం పోనక్కరలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలు గత రెండు దశాబ్దాలలో యీ విషయంలో ఒక పెద్ద ప్రయోగాన్ని చూశాయి. ఒక ప్రైవేటు బీమా కంపెనీ ప్రభుత్వ ధనంతో యిక్కడి పేదల వైద్యానికి పూచీ పడటం, కొన్నేళ్ళలోనే ఆ కంపెనీ తప్పుకోవటం, ప్రభుత్వ ట్రస్టు దాని స్థానంలోకి రావటం జరిగాయి. కంపెనీ పోయింది, మరి లాభం పోయిందా? యీ వ్యాసానికి అదే అసలు ప్రశ్న.

ముందు బీమా అంటే యేమిటో స్పష్టం చేసుకొందాం. వంద కుటుంబాలున్న పల్లెలో యీ యేడు యెవరికి పెద్ద జబ్బు చేస్తుందో యెవరూ చెప్పలేరు. కాని సుమారు యెన్ని కుటుంబాలకు చేస్తుందో అంచనా వేయవచ్చు. అందరూ కొద్దికొద్దిగా కూడబెడితే ఆ కొద్ది కుటుంబాలు అప్పులపాలు కాకుండా గట్టెక్కుతాయి. బీమా గణితమంతా యింతే. యిది వ్యాపారి బుద్ధిలో పుట్టినది కాదు. యూరపులో చేతిపనివారి సంఘాలు, కార్మికుల పరస్పర సహాయ నిధులు యెన్నడో ఆచరించినది. జర్మనీలో బిస్మార్కు 1883లో కార్మికుల రోగ బీమా చట్టం తెచ్చినప్పుడు, దానిని కార్మికులమీది ప్రేమతో తేలేదు. 1878లో సోషలిస్టులను నిషేధించిన చేతితోనే తెచ్చాడు. అయినా చందాలో మూడింట రెండు వంతులు కార్మికులూ, ఒక వంతు యజమానులూ కట్టే ఆ నిధులలో వాటాదారులకు లాభం పంచవలసిన పని లేదు. అనగా బీమాకు లాభం పుట్టుకతో వచ్చిన గుణం కాదు. అది తర్వాత వచ్చి చేరినది.

మన దేశంలోనూ స్వాతంత్ర్యం వచ్చేనాటికి యీ ఆలోచన వుండనే వున్నది. 1944లో ప్రొఫెసర్ అదార్కర్ పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమాను గురించి నివేదిక సమర్పించాడు. 1946లో భోర్ కమిటీ, డబ్బు కట్టలేని కారణంగా యే వ్యక్తికీ తగిన వైద్యం అందకపోవటం జరగరాదన్న సూత్రాన్ని ప్రతిపాదించింది. 1948లో యీ.ఎస్.ఐ. చట్టం వచ్చింది; 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలు ఆరంభమయింది. అదే 1948లో బ్రిటన్ ఒక అడుగు ముందుకు వేసి, అసలు బీమా లేకుండానే, పన్నుల ఆదాయంతో అందరికీ ఉచిత వైద్యం యేర్పాటు చేసుకొన్నది. మన పాలకులు ఆ దారి పట్టలేదు. యీ.ఎస్.ఐ. ఫ్యాక్టరీ గేటు దాటి పొలానికి రాలేదు. మిర్యాలగూడ ధాన్యం మిల్లులలో బస్తాలు మోసే హమాలీకి, సూర్యాపేట మార్కెట్టు యార్డులో చాటలతో వడ్లు తూర్పారబట్టే ఆడకూలీకి, కోదాడ మీదుగా రాత్రింబగళ్ళు లారీ నడిపే డ్రైవరుకు అది అందని ద్రాక్షగానే మిగిలింది.

యిక బీమా వ్యాపారం సంగతి. తెలుగునాట దానికి జాతీయోద్యమపు నేపథ్యం వున్నది. భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పాడు. స్వదేశీ ధనం స్వదేశంలోనే నిలవాలన్నది ఆనాటి ఆశయం. కాని స్వదేశీ పెట్టుబడి అయినంతమాత్రాన పాలసీదారు సొమ్ముకు రక్షణ లేదని 1955లో దేశమంతా తెలుసుకొన్నది. డాల్మియా చేతిలోని భారత్ ఇన్సూరెన్సు కంపెనీలో పాలసీదారుల సొమ్ము యెట్లా దారిమళ్ళిందో ఆ యేడు డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో బయటపెట్టాడు. 1956 జనవరి 19న ఆర్డినెన్సు వచ్చింది. 245 సంస్థలు ఏకమై ఆ సెప్టెంబరు 1న జీవిత బీమా కార్పొరేషను యేర్పడింది. సాధారణ బీమా వంతు 1972లో వచ్చింది. 1973 జనవరి 1 నుండి 107 సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా రూపొందాయి. ఆ ప్రభుత్వ కంపెనీలే 1986లో మెడిక్లెయిమ్ పేరుతో ఆరోగ్య బీమాను ప్రవేశపెట్టాయి. కాగా 1994లో మల్హోత్రా కమిటీ ప్రైవేటు రంగానికి తలుపులు తెరవమన్నది. బీమా ఉద్యోగుల సంఘాలు ప్రతిఘటించినా 1999లో చట్టం మారింది. విదేశీ పెట్టుబడి పరిమితి మొదట నూటికి 26, 2015లో 49, 2021లో 74. చరిత్ర క్రమాన్ని పాఠకులు గమనించగలరు: సమష్టి నిధి కంపెనీ అయినది, కంపెనీ జాతీయమయినది, జాతీయమయినది తిరిగి అంగడిలోకి వచ్చినది.

యిప్పుడు అంకెలు చూద్దాం. బీమా నియంత్రణ సంస్థ ప్రకటించిన 2023-24 లెక్కల ప్రకారం, ఆరోగ్య బీమా ప్రీమియంగా వచ్చిన ప్రతి నూరు రూపాయలకు ప్రభుత్వ రంగ కంపెనీలు చికిత్సలకింద సుమారు 103 రూపాయలు చెల్లించాయి. ప్రైవేటు సాధారణ బీమా కంపెనీలు సుమారు 89 చెల్లించాయి. కేవలం ఆరోగ్య బీమా వ్యాపారమే చేసే ప్రైవేటు కంపెనీలు చెల్లించినది సుమారు 65 మాత్రమే.

యీ మూడు అంకెలను తొందరపడి అన్వయించరాదు. ప్రభుత్వ కంపెనీల అంకె నూరు దాటటానికి, పెద్ద సంస్థలకు సామూహిక పాలసీలను పోటీపడి చౌకగా అమ్మటం కూడా ఒక కారణం. ఆ మేరకు అది ఔదార్యం కాదు. అయినా మిగిలిన ప్రశ్న గట్టిదే: నూటికి 65 రోగికి పోగా, 35 యెటు పోయినట్టు?

యీ రంగంలో పెద్దదైన స్టార్ హెల్త్ కంపెనీ లెక్కలే తీసుకొందాం. 2021-22లో, అనగా కరోనా రోజులలో, దానికి వెయ్యి కోట్లకు పైగా నష్టం వచ్చింది. 2022-23లో 619 కోట్లు, 2023-24లో 845 కోట్లు లాభం. ఆ చివరి యేడు దాని మొత్తం ప్రీమియం 15,254 కోట్లు. కనుక లాభం నూటికి అయిదున్నర. పెట్టుబడులమీద వచ్చిన ఆదాయం కూడా అందులో కలిసే వున్నది. "చూశారా, అయిదున్నరే!" అంటారు రెండవ పక్షంవారు. నిజమే. కాని అదే యేడు అదే కంపెనీ నూటికి 30 రూపాయలు కమీషన్లకు, నిర్వహణకు వ్యయం చేసింది. యేజెంటు కమీషన్, ప్రచారం, అధికారుల జీతాలు, క్లెయిములు తనిఖీ చేసే యంత్రాంగం, అన్నీ అందులోనివే. లాభం అయిదున్నర కావచ్చు. ఆ అయిదున్నరను రాబట్టటానికి సమాజం మోయవలసివచ్చిన బరువు ముప్ఫయి. కంపెనీ లాభం కొద్దిదని నిరూపించినంతమాత్రాన, ఆ పద్ధతి చౌకైనదని నిరూపించినట్లు కాదు.

చట్టం దీనిని అడ్డుకోవటం లేదా? మన నియంత్రణ సంస్థ 2023లో చేసిన నిబంధన ప్రకారం ఆరోగ్య బీమా కంపెనీలు ప్రీమియంలో నూటికి 35 వరకు నిర్వహణ ఖర్చులకు వాడుకోవచ్చు. పెట్టుబడిదారీ విధానానికి పుట్టినిల్లువంటి అమెరికాలో 2010 చట్టం యిందుకు భిన్నంగా వున్నది. అక్కడ కంపెనీలు నూటికి 80, పెద్ద సామూహిక పాలసీలలో 85, వైద్యానికే వ్యయం చేసి తీరాలి. తగ్గితే ఆ తేడా పాలసీదారుకు తిరిగి యివ్వాలి. అక్కడి చట్టం రోగికి దక్కవలసిన కనీస వంతును నిర్ణయించింది. యిక్కడి నిబంధన కంపెనీ ఖర్చుకు గరిష్ఠ హద్దు గీసి వూరుకొన్నది. పైపెచ్చు 2017 జులై నుండి 2025 సెప్టెంబరు 22 వరకు వ్యక్తులు, కుటుంబాలు కట్టే ప్రీమియంమీద ప్రభుత్వం కూడా నూటికి 18 పన్ను వసూలు చేసింది. జబ్బుకు భయపడి దాచుకొన్న డబ్బుమీద పన్ను!

యింకొక అంకె వున్నది. 2023-24లో ఆరోగ్య బీమా కంపెనీల ముందుకు వచ్చిన క్లెయిముల మొత్తం సుమారు 1,17,000 కోట్లు. చెల్లించినది 83,493 కోట్లు. నిబంధనల పేరున కోతపెట్టినది 15,100 కోట్లు. పూర్తిగా తిరస్కరించినది 10,937 కోట్లు. మిగిలినది పరిశీలనలో నిలిచినది. కోతా, తిరస్కారం కలిపితే నూటికి 22 రూపాయలు. యిందులో మోసపు క్లెయిములు లేవని నేననను. కాని ఒక అనుభవం చెప్పవలసి వున్నది. నా సహోపాధ్యాయుడొకరు ఆరేళ్ళు క్రమం తప్పక ఒక కంపెనీకి ప్రీమియం కట్టాడు. గుండెకు స్టెంటు వేయించుకొన్నప్పుడు ఆ కంపెనీ, రక్తపోటు ముందునుండీ వున్నదనీ, దరఖాస్తులో దాచాడనీ క్లెయిమును తోసివేసింది. ఆయన దరఖాస్తును పూరించినది ఆ కంపెనీ యేజెంటే. ప్రశ్నలు యింగ్లీషులో వున్నాయి. యితడు సంతకం పెట్టాడు. అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయమని నేనూ మరి యిద్దరమూ కూర్చొని కాగితాలు రాశాము. తిరిగే ఓపిక లేక ఆయన మధ్యలోనే విరమించుకొన్నాడు. చదువుకొన్న ఉపాధ్యాయుని గతి యిది! తిరస్కారానికి గురైనవాడు తిరగబడకుండా అలసిపోవటం కూడా యీ వ్యాపారంలో ఒక రాబడే. 2024 ఏప్రిల్ నుండి అయిదేళ్ళు ప్రీమియం కట్టిన పాలసీని, మోసం నిరూపిస్తే తప్ప, విషయం దాచారన్న సాకుతో ప్రశ్నించరాదన్న నియమం వచ్చింది. అంతకుముందు ఆ గడువు యెనిమిదేళ్ళు. యింతటి చిన్న సంస్కరణ కోసం యెందరు అలసిపోవలసివచ్చిందో వూహించుకోవచ్చు.

యింతవరకు చెప్పినది ప్రీమియం కట్టగలిగిన మధ్యతరగతి కథ. పేదల కథ వేరు. 2004 నుండి 2007 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి సహాయనిధినుండి సుమారు 55 వేలమంది రోగులకు 168 కోట్లు యిచ్చారు. సహాయనిధి అంటే దరఖాస్తు, సిఫార్సు, యెదురుచూపు. దానిని హక్కువంటి రూపంలోకి తెచ్చినది ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరంభమైన యీ పథకం అదే యేడు డిసెంబరులో నల్లగొండ జిల్లాకు వచ్చింది. ఆనాడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్లగొండ జిల్లాలోనివే. తెల్ల రేషను కార్డు వున్న కుటుంబానికి లక్షన్నర రూపాయలవరకు, అవసరమైతే మరో 50 వేలు. ప్రీమియం ప్రభుత్వానిది, పూచీ స్టార్ హెల్త్ కంపెనీది.

ఆ ఒప్పందంలో ఒక షరతు మనకు ముఖ్యం. కంపెనీ తన ఖర్చులకింద ప్రీమియంలో నూటికి 20 వుంచుకోవచ్చు. మిగిలిన 80లో క్లెయిములకు పోగా యేదైనా మిగిలితే, ఆ మిగులులో నూటికి 90 వంతులు ట్రస్టుకు తిరిగి కట్టాలి. గమనించండి: లాభానికి హద్దు గీయటం అసాధ్యమేమీ కాదు. ప్రభుత్వం కొనుగోలుదారుగా గట్టిగా నిలబడినచోట కంపెనీ ఆ షరతుకు తలవంచింది. అదే కంపెనీ, విడివిడిగా వచ్చే పాలసీదారు యెదుట, యే షరతుకూ లోబడనవసరం లేదు. సంఘటితంగా వచ్చినవానికి ఒక న్యాయం, ఒంటరిగా వచ్చినవానికి ఒక న్యాయం. భూస్వామి వద్దకు నాగు గింజలకు ఒక్కొక్కడుగా పోయిన రైతుకు, సంఘం కట్టి పోయిన రైతుకు వున్న తేడా యీ ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కరలేదు.

2008 జులై 17 నుండి పథకంలో చేర్చిన కొత్త చికిత్సలను ట్రస్టే నేరుగా చెల్లించసాగింది. క్రమేణా బీమా కంపెనీ పూర్తిగా తప్పుకొన్నది. మధ్యవర్తి పోయాడు. చాలామంది మిత్రులు యిక్కడితో కథ సుఖాంతమయిందనుకొన్నారు. కాలేదు. ట్రస్టు చెల్లించిన ధనంలో అధికభాగం చేరినది ప్రైవేటు ఆసుపత్రులకే. అందులోనూ పెద్ద ఆసుపత్రులన్నీ హైదరాబాదులో వున్నాయి. సూర్యాపేట రోగి 135 కిలోమీటర్లు ప్రయాణం చేసి పోవాలి. కోదాడ రోగి మరో నలభై దాటి రావాలి. చికిత్స ఉచితమే; తోడుపోయిన మనిషి కూలీ, బస్సు చార్జీ, తిండి యే పట్టికలోనూ లేవు. 2011లో రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసంలో లెక్కగట్టి చూపారు: రాష్ట్ర ఆరోగ్య బడ్జెటులో నాలుగవ వంతు మింగుతున్న యీ పథకం ప్రజల రోగభారంలో నూటికి రెండు వంతులను మాత్రమే తాకుతున్నదని.

లాభం అంటే కంపెనీ లాభమేననుకొనేవారు యీ సంగతిని ఆలోచించాలి. చికిత్సకు యింత అని ధర కట్టి, చేసినన్నిటికీ చెల్లిస్తామన్నప్పుడు, అవసరం లేని చికిత్స కూడా పుట్టుకొస్తుంది. తెలుగు జిల్లాలలో చిన్న వయస్సు స్త్రీలకు గర్భసంచులు తొలగించిన ఉదంతాలు ఆ రోజులలో బయటపడ్డాయి. 2011లో ప్రభుత్వం గర్భసంచి తొలగింపుతో సహా 133 చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే ప్రత్యేకించవలసి వచ్చింది. యీ సంఘటన రెండు విషయాలు రుజువు చేస్తున్నది. బీమా కంపెనీకి చికిత్స తగ్గించటంలో లాభం. ప్రైవేటు ఆసుపత్రికి చికిత్స పెంచటంలో లాభం. ఒకదానిని తొలగించి రెండవదానిని అట్లాగే వుంచితే, లాభం చేతులు మారుతుందేగాని మాయం కాదు. పల్లెలో ఆర్.ఎం.పి. డాక్టరునుండి పట్టణపు నర్సింగుహోముదాకా, అక్కడినుండి నగరపు ఆసుపత్రిదాకా రోగిని చేరవేసినందుకు ముట్టే కమీషన్లు మన మూడు పట్టణాలలో బహిరంగ రహస్యమే.

"అయితే ఆరోగ్యశ్రీ వల్ల మేలు జరగలేదా?" అని అడుగుతారు. జరిగింది. గుండె చిల్లుతో పుట్టిన కూలీల బిడ్డలు యీనాడు బడికి పోతున్నారు. డయాలిసిస్ మీద బతుకుతున్నవారున్నారు. దీనిని కాదనటం అన్యాయం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న పరిమితిని 10 లక్షలకు పెంచటం కూడా స్వాగతింపదగినదే. కాని పరిమితి పెంచటం వేరు, సొమ్ము సకాలంలో అందించటం వేరు. 2025 సెప్టెంబరులో బకాయిలు చెల్లించలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలను కొద్దిరోజులు నిలిపివేశాయి. ప్రజల ప్రాణం ప్రైవేటు ఆసుపత్రి చేతిలో పెట్టినపుడు, అది చేయి ముడుచుకొన్ననాడు ప్రజలకు దిక్కేమిటి?

ఆ దిక్కు ప్రభుత్వాసుపత్రే. 2019లో సూర్యాపేటలోనూ నల్లగొండలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మిర్యాలగూడలో ప్రాంతీయ ఆసుపత్రి, కోదాడలో ప్రభుత్వాసుపత్రి వున్నాయి. వీటిలో ప్రత్యేక నిపుణుడు వున్నాడా, మందులున్నాయా, యంత్రం పనిచేస్తున్నదా అన్న ప్రశ్నలమీదనే యీ ప్రాంతపు పేదవాని ఆరోగ్యం ఆధారపడి వున్నది. యెందుకనగా జబ్బులన్నీ ఆపరేషను బల్లమీద తేలేవి కావు. మధుమేహానికి, రక్తపోటుకు నిత్యం మింగవలసిన బిళ్ళలకు బీమా సాధారణంగా వర్తించదు. హైదరాబాదు మురుగును మోసుకొచ్చే మూసీ నీటినే సూర్యాపేట ప్రజలు యేళ్ళ తరబడి తాగారు. నల్లగొండ పశ్చిమ మండలాలలో ఫ్లోరైడు యెముకలను వంచివేసింది. యే బీమా పాలసీ మంచినీళ్ళ గొట్టం వేయించింది? జబ్బు పడిన తర్వాత వచ్చే బిల్లును పంచుకోవటమే బీమా. జబ్బు రాకుండా చూడటంలో దానికి లాభం లేదు.

కేంద్ర ప్రభుత్వపు జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం, దేశంలో మొత్తం వైద్య వ్యయంలో ప్రజలు నేరుగా జేబులోనుండి పెట్టినది 2013-14లో నూటికి 64; 2021-22లో 39. తగ్గుదల నిజమే కావచ్చు. అయినా వైద్యానికి పోయే ప్రతి అయిదు రూపాయలలో సుమారు రెండు యీనాటికీ రోగి కుటుంబమే మోస్తున్నది.

కనుక మొదటి ప్రశ్నకు నా జవాబు యిది. బీమా కంపెనీలు పుస్తకంలో చూపే లాభం కొన్నేళ్ళు తక్కువ, కొన్నేళ్ళు సున్న కూడా కావచ్చు. దానినే పట్టుకొని వాదించటం వారికి అనుకూలమైన మైదానంలో పోరాడటమే. మనం అడగవలసినవి వేరే వున్నాయి. నూరు రూపాయల ప్రీమియంలో రోగికి దక్కవలసిన కనీస వంతును చట్టంలో రాయాలి. తగ్గినది తిరిగి యిప్పించాలి. ప్రతి తిరస్కారానికి కారణం తెలుగులో, రోగికి అర్థమయ్యేటట్లు రాసి యివ్వాలి. ఆరోగ్యశ్రీ కింద యే ఆసుపత్రికి యెంత ముట్టిందో జిల్లావారీగా ప్రకటించాలి. అన్నిటినీ మించి, బయటి ఆసుపత్రులకు చెల్లించే ధనంతోపాటు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వాసుపత్రులకు యెంత కేటాయించారన్నది పక్కపక్కన పెట్టి చూపాలి.

యీ పని అసెంబ్లీలోనే జరగనక్కరలేదు. లెక్కల ఉపాధ్యాయులున్నారు, సమాచార హక్కు చట్టం వున్నది, సెలవుల్లో పల్లెలకు పోయే విద్యార్థులున్నారు. ఒక్కొక్క వార్డులో, ఒక్కొక్క పల్లెలో యిరవై కుటుంబాలను అడిగి, గత యేడు వైద్యానికి పెట్టినదెంత, అందులో బీమా యిచ్చినదెంత, అప్పు చేసినదెంత అని రాసుకొంటే చాలు. ఆ కాగితాలు మూడు పట్టణాలనుండి ఒకచోట చేరిననాడు, లాభం యెక్కడ దాగివున్నదో యెవరూ మనకు చెప్పనక్కరలేదు.